నిదానంగా వేసిన దోశ

దేశం పేరు చెప్పను. చెబితే, నేను రాసింది చదివి పెట్టడానికి ఆ వీసా ఆఫీసు వాళ్ళు తెలుగు వచ్చిన మనిషినొకణ్ణి స్పాన్సర్ చేసి తెప్పించుకుంటారు. ఆ పాపం నాకెందుకు? చలి దేశమనీ, మర్యాదస్తుల దేశమనీ, కాలు తొక్కించుకున్నవాడే ముందుగా క్షమించమని అడిగే దేశమనీ మాత్రం చెప్పగలను. ఇక్కడ ఒక చిన్న ఊళ్ళో, బస్టాండు ఎదురుగా, మా ఆయనా నేనూ పెన్నమ్మ టిఫిన్ హోటల్ నడుపుతున్నాం. మాది కావలి. మా ఆయన సుధాకర్ లెక్కల మాస్టారుగా ఈ దేశం వచ్చాడు. పిల్లలకు లెక్కలు రాకపోగా ఈయనకు వచ్చినవి కూడా పోయేట్టు కనబడడంతో, నేనే పట్టుబట్టి హోటలు పెట్టించాను.

హోటలు మాదే అయినా అది నిలబడింది పెంచలయ్య చేతి మీద. నెల్లూరు ట్రంకురోడ్డు పక్కన బండి పెట్టి, ఏళ్ళ తరబడి కారం దోశలు వేసిన చెయ్యి అది. పిండి పొయ్యడం, తిప్పడం, ఎర్రకారం పుయ్యడం, పప్పులపొడి చల్లడం, నెయ్యి వేసి మడవడం - ఇవన్నీ వేరువేరు పనులని అతను చేస్తుంటే తెలియదు. మీరు దోశ చెప్పి, కోటు విప్పి కుర్చీకి తగిలించి వెనక్కి తిరిగేసరికి దోశ బల్ల మీద మీకోసం ఎదురుచూస్తూ ఉంటుంది. తన చెయ్యి సంగతి పెంచలయ్యకు బాగా తెలుసు. తెలియని వాళ్ళకు తనే చెబుతాడు. "నా చెయ్యి ఆడేటప్పుడు అట్టా గుడ్లప్పగించి చూడబాకండి, దిష్టి తగులుద్ది" అని వచ్చిన ప్రతి తెల్లాయనకూ తెలుగులోనే హెచ్చరిక చేసేవాడు. వాళ్ళు థాంక్యూ అనేవాళ్ళు.

మా గిరాకీలో ఎక్కువ మంది బస్సు డ్రైవర్లే. వాళ్ళలో పెద్దది మార్గిట్ అనే ఆవిడ. బస్సు స్టాండులో ఆగీ ఆగకముందే దిగి, మా గుమ్మంలో నిలబడే కారం దోశ తిని, ముక్కు తుడుచుకుంటూ వెళ్ళి మళ్ళీ స్టీరింగు పట్టుకునేది. బస్సు ఎన్నడూ ఆలస్యం కాలేదు. ముక్కు మాత్రం తర్వాతి స్టేజీ దాకా కారుతుండేదట.

పెంచలయ్యను మేం స్పాన్సర్ చేసి తెచ్చుకున్నాం. స్పాన్సర్ చెయ్యడమంటే ఆ మనిషికి మేం పూచీ పడడం. అతను మా దగ్గర తప్ప ఇంకెక్కడా పని చెయ్యకూడదు. అతనిలో నైపుణ్యం ఉందని ఆఫీసు వాళ్ళు ఒప్పుకున్నంత కాలమే మేం అతన్ని ఉంచుకోవచ్చు. వీసా తాత్కాలికం కాబట్టి గడువు తీరేముందు, లోపల నైపుణ్యం ఇంకా మిగిలి ఉందో లేదో మళ్ళీ చూస్తారు. ఉంటే వీసా పొడిగిస్తారు. పొడిగిస్తే భార్యను తెచ్చుకోవచ్చు. లేదంటే పెట్టె సర్దుకోవాలి.

పెంచలయ్యకు కావలసింది ఆ భార్యను తెచ్చుకోవచ్చన్న మాట. అతని భార్య మస్తానమ్మ నెల్లూరులో ఒక్కతే బండి నడుపుతోంది. ఇద్దరూ కలిసి నడిపినప్పుడు అతను దోశ వేస్తే ఆవిడ కారం నూరేది, వడ్డించేది, అప్పు అడిగిన వాళ్ళను తరిమేది. ఇక్కడి చలికి ఆవిడ తట్టుకోలేదని పెంచలయ్య ముందుగానే ఊదారంగు ఉన్ని కోటు ఒకటి కొని, వంటింట్లో మేకుకు తగిలించాడు. రోజూ ఆ కోటును పలకరించి గానీ పొయ్యి వెలిగించడు. నెయ్యీ కారం వాసన పట్టి, మనిషి రాకముందే కోటు సగం నెల్లూరుదైపోయింది.

గడువు దగ్గర పడగానే నైపుణ్య నిర్ధారణ విభాగం నుంచి పెల్‌బ్రూక్ అనే అధికారి తనిఖీకి వచ్చాడు. పొడుగాటి మనిషి, శుభ్రమైన మనిషి, నవ్వవలసి వస్తే ముందుగా చుట్టూ చూసుకునే మనిషి. ఆయన మాట్లాడింది వాళ్ళ భాషే అయినా, దాన్ని నేను మన కచేరీ తెలుగులోకి, అంటే సర్కారు ఆఫీసుల తెలుగులోకి, దించి చెబుతున్నాను. దించడానికి నేనేమీ కష్టపడలేదు, అది దానంతటదే దిగింది.

ఆయన కూర్చుని, కళ్ళద్దాలు తుడిచి పెట్టుకుని, కాగితాలు తెరిచి మూసి, కారం దోశ ఒకటి చెప్పి, ఒళ్ళో పరుచుకోవడానికి రుమాలు మడత విప్పబోయాడు. ఒక మడత విడేసరికి దోశ వచ్చింది.

"దీనిని ముందుగానే తయారు చేసి ఉంచితిరా?" అన్నాడు.

"లేదండీ. మీరు చెప్పాకే వేశాడు" అన్నాను గర్వంగా. జీవితంలో నేను గర్వపడి బాగుపడింది లేదు.

ఆయన తిన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నుదురు చెమర్చింది. ప్లేటులో కారం మరక కూడా మిగల్చకుండా వేలితో తీశాడు. మా ఆయన ఆశగా, "ఎలా ఉందండీ?" అని అడిగాడు.

"రుచి విషయమున ఈ విభాగమునకు అభిప్రాయము లేదు" అన్నాడు పెల్‌బ్రూక్. "విషయమేమనగా, వంట నిపుణుడు వేరు, త్వరిత ఆహార సహాయకుడు వేరు. కోరిన వెంటనే వచ్చు ఆహారము త్వరిత ఆహారము. త్వరిత ఆహారమును తయారు చేయుటకు నైపుణ్యము అవసరము లేదని నిబంధన. నైపుణ్యము లేని వానిని విదేశము నుండి రప్పించి ఉంచుకొనుటకు వీలు లేదు."

"అంటే చెయ్యి తిరిగే కొద్దీ నైపుణ్యం తగ్గుతుందా సార్?" అన్నాడు మా ఆయన. లెక్కల మాస్టారు కదా, సూత్రం తెలుసుకోకుండా ఉండలేడు.

"నిబంధనలో చేతి ప్రస్తావన లేదు. కాలము ప్రస్తావన మాత్రమే కలదు. మేము మర్యాదస్తులము కనుక మరొక తనిఖీకి అవకాశమిచ్చుచున్నాము. అప్పటికి మీ వంటవానిలో నైపుణ్యము కనబడవలెను." బిల్లు కట్టి, కట్టినందుకు మాకే క్షమాపణ చెప్పి వెళ్ళిపోయాడు.

పెంచలయ్య అట్లకాడ పట్టుకుని బయటికి వచ్చాడు. "ఏందమ్మా, నాకు పని రాదన్నాడా ఆయప్ప?"

"రాదనలేదు పెంచలయ్యా. మరీ ఎక్కువ వచ్చిందన్నాడు."

"అది తప్పా?"

"ఇక్కడ తప్పేనంట."

పెంచలయ్య కాసేపు పెనం వంక చూశాడు. తర్వాత మేకున ఉన్న కోటు వంక చూశాడు. "మరి మస్తానమ్మకి ఏం చెప్పమంటారు? బాగా పని చేస్తుండానని పంపించేస్తున్నారని చెప్పనా?" అన్నాడు.

మా ఆయన నిబంధనలన్నీ కంప్యూటర్లోంచి దించుకుని, ఎర్ర సిరాతో గీతలు కొట్టుకుంటూ చదివాడు. చదివి చదివి చివరికి, "హైమా, జవాబు దొరికింది. వీళ్ళ లెక్కలో నైపుణ్యం అంటే ఆలస్యమే. ఇంకేమీ కాదు. కాబట్టి మనం ఆలస్యం చేద్దాం" అన్నాడు. ఈయన పెళ్ళిచూపులకు వచ్చిన రోజు నుంచీ ఆ విషయంలో నిపుణుడేగానీ, ఆ మాట నేను అనలేదు.

పెంచలయ్యకు నిదానం నేర్పడం మొదలుపెట్టాం. మొదటి రోజు పిండి నిదానంగా తిప్పమంటే, తిప్పినంత మేర కాలి, తిప్పనంత మేర ముద్దయింది. రెండో రోజు కారం నిదానంగా పూస్తే అది మాడి, బస్టాండంతా దగ్గింది. "దోశ నిలబడదు హైమమ్మా! పెనం మీద పోసినాక అది మన మాట వినదు. నేను ఆగుదామన్నా అది ఆగదు" అని అతను తల కొట్టుకున్నాడు. మార్గిట్ మాడిన దోశ తిని, మీ ఇంట్లో ఎవరైనా పోయారా అని మెల్లగా నన్ను పక్కకు పిలిచి అడిగింది.

దారి కనిపెట్టింది పెంచలయ్యే. ఒక మధ్యాహ్నం చెయ్యి కడుక్కుంటూ, "పోసినాక ఆగలేం. పొయ్యకముందు ఎంతసేపైనా ఆగొచ్చు గదా!" అన్నాడు.

"ఆగి ఏం చేస్తావు?"

"ఆయప్ప ఏం చేసినాడో అదే చేస్తా. వొచ్చినాడు, కళ్ళద్దాలు తీసినాడు, తుడిచినాడు, పెట్టుకున్నాడు. కాయితం చూసినాడు, మూసినాడు, మళ్ళా తెరిచినాడు. నిట్టూర్చినాడు. ఒక్క పని చెయ్యలా. అయినా ఎంత పెద్ద పని చేస్తుండాడో అనిపించలా?"

మర్నాటి నుంచి మా పెనం దగ్గర నాటకం మొదలైంది. పెంచలయ్య పవరు లేని కళ్ళద్దాలు ఒకటి సంపాదించాడు. దోశ చెప్పగానే వాటిని తీసి, తుడిచి, పెట్టుకుని పిండిగిన్నె మూత ఎత్తి లోపలికి చూసేవాడు. మూసేవాడు. కిటికీలోంచి ఆకాశం చూసేవాడు. ఇంకో గరిటె తెమ్మని, తెస్తే దాన్ని తిప్పి తిప్పి చూసి వద్దని, మొదటిదే తీసుకునేవాడు. ఉల్లిపాయ సగానికి కోసి, ఏ సగంతో పెనం తుడవాలా అని రెంటినీ రెండు చేతుల్లో పట్టుకుని ఆలోచించేవాడు. చివరికి నిట్టూర్చి, మనం రెప్ప వేసేలోపు దోశ వేసి పారేసేవాడు. దోశ ఎప్పటిలాగే అమోఘంగా ఉండేది. ముందు జరిగిన తంతంతా తినేవాడికి వట్టి ఆకలి.

తనిఖీ రోజున పెల్‌బ్రూక్ మరో ఇద్దరిని వెంటబెట్టుకొచ్చాడు. పెంచలయ్య ఆకాశం చూసినప్పుడు ముగ్గురూ ఆకాశం చూశారు. ఉల్లిపాయ సగాల దగ్గర వాళ్ళలో ఒకాయన ఊపిరి బిగబట్టడం నేను చూశాను. దోశలు వచ్చేసరికి ముగ్గురి పొట్టలూ వినబడేంతగా మాట్లాడుకుంటున్నాయి.

"అద్భుతము" అన్నాడు పెల్‌బ్రూక్. "క్రిందటి తనిఖీలో ఈ నైపుణ్యము లేశమాత్రమైనను గోచరించలేదు. మీ వంటవాడు మిక్కిలి అభివృద్ధి చెందినాడు. వీసా పొడిగించడమైనది. భార్యను రప్పించుకొనుటకు దరఖాస్తు చేసుకొనవచ్చును. అయితే నైపుణ్యము తగ్గకుండ చూచుకొనవలెను. నేను వారము వారము వచ్చి పరిశీలించెదను."

ఆ వారం వారం పరిశీలన ఎందుకో, ఆయన వేలితో ప్లేటు తుడుచుకోవడం చూసిన నాకు వేరే చెప్పనక్కరలేదు. పెంచలయ్య మాత్రం ఎగిరి గంతేసి, కోటు దులిపి, మళ్ళీ మేకుకే తగిలించాడు. మస్తానమ్మ దరఖాస్తు ఆ రోజే పంపించాం.

అంతటితో ఆగితే బాగుండేది. కానీ పెల్‌బ్రూక్ నిజాయితీపరుడు. ఒక హోటల్లో మేలని తేలింది ఊరంతటికీ ఎందుకు మేలు చెయ్యదని ఆలోచించాడు. దోశ మాస్టరును కొలిచిన కొలతతోనే స్పాన్సర్ మీద వచ్చిన ప్రతి ఒక్కరినీ కొలవాలని ఉత్తర్వు వచ్చింది. తొందరగా పని ముగించినవాడు నిపుణుడు కాడు, సహాయకుడు. సహాయకుడికి వీసా లేదు.

పళ్ళ డాక్టరు ఒకాయన ఏదో దేశం నుంచి ఇలాగే వచ్చి, పన్ను తీస్తే తీసినట్టే తెలియదని పేరు తెచ్చుకున్నాడు. ఇక ఆయన పన్నును చూసి, పన్ను ఎక్స్‌రేను చూసి, ఎక్స్‌రేను పన్నుకు చూపించి, రోగిని నోరు తెరిచే ఉంచమని భోజనానికి వెళ్ళి రావడం మొదలుపెట్టాడు. క్షౌరశాలలో సగం తల కత్తిరించి, మిగతా సగం గురించి ఆలోచించుకుని రేపు చెబుతామనేవారు. ఇంటి పైకప్పులు బాగుచేసేవాడు వాన వెలిసిందాకా కప్పును పరిశీలించి, వెలిశాక ఇప్పుడు కారడం లేదు కదా అన్నాడు. అగ్నిమాపక దళంలో స్పాన్సర్ మీద వచ్చిన ఇద్దరు ఒక గడ్డివామి మంట చుట్టూ ప్రదక్షిణ చేస్తూ చర్చిస్తుంటే, మంట తనే విసుగెత్తి ఆరిపోయింది. వాళ్ళిద్దరికీ ఆ ఏడు పతకాలు వచ్చాయి. కంప్యూటర్ కంపెనీలో మన కుర్రాళ్ళకు మాత్రం కొత్తగా ఏ శిక్షణా అవసరం పడలేదు.

శిక్షణ అన్నది ఎక్కడో కాదు, మా హోటల్లోనే. నిదానం నేర్పే మనిషి ఊళ్ళో పెంచలయ్య ఒక్కడే. మధ్యాహ్నం గిరాకీ తగ్గాక పళ్ళ డాక్టరు, క్షురకుడు, కప్పులవాడు చేతులు కట్టుకుని పెనం చుట్టూ నిలబడేవాళ్ళు. దుబాసీని నేను.

"చెయ్యి ఆడక ముందు మొగం ఆడాలని చెప్పండమ్మా" అనేవాడు పెంచలయ్య. "నిట్టూర్పు ముక్కుతో గాదు, పొట్టలోంచి రావాల. ఆ క్షవరాలాయన కత్తెర తీసినాక వెంటనే తల ముట్టుకుంటుండాడు, అట్టా చేస్తే వీసా పోద్దని చెప్పండి." వాళ్ళు బుద్ధిగా రాసుకునేవాళ్ళు. పళ్ళ డాక్టరుకు నిట్టూర్పు బాగా కుదిరింది.

జబ్బు ఊరివాళ్ళకూ అంటుకుంది. తన దోశ కోసం మార్గిట్ వేచి ఉంటే, ఆమె కోసం బస్సు వేచి ఉండేది. బస్సులోని జనం చలికి ఆగలేక దిగి వచ్చి మా హోటల్లోనే కూర్చుని వాళ్ళూ దోశలు చెప్పేవాళ్ళు. పొద్దున బయలుదేరిన బస్సు మధ్యాహ్నానికి పక్క ఊరు చేరుతుంటే, రవాణా శాఖ వాళ్ళు మార్గిట్‌కు నిపుణ చోదకురాలని బిళ్ళ ఇచ్చారు. ఆవిడ ఆ బిళ్ళ తెచ్చి నా బల్ల మీద పెట్టి ఏడ్చినంత పని చేసింది. "నేను ఇన్నేళ్ళు వేళకు నడిపినప్పుడు ఎవరూ ఏమీ ఇవ్వలేదు" అంది. నిజంగా జాలేసింది.

వారాలు గడుస్తున్నాయి. మస్తానమ్మ దరఖాస్తు సంగతి తేలలేదు. పెంచలయ్య రోజూ ఫోనులో, "ఇదిగో, వొచ్చేస్తుండాది" అనేవాడు. తర్వాత తర్వాత, "కనుక్కుంటా" అనేవాడు. ఆ తర్వాత ఇటునుంచి మాట తక్కువై, అటునుంచి మస్తానమ్మ గొంతు మాత్రమే వంటింట్లో వినబడేది. ఆవిడ బండి ఒక్కతే లాక్కోలేకపోతోందని ఒకరోజు నాకు అర్థమైంది. పెంచలయ్య ఆ రోజు దిష్టి మాట ఎత్తలేదు. గిరాకీలు థాంక్యూ చెప్పడానికి ఏమీ లేక తిని వెళ్ళిపోయారు.

పెల్‌బ్రూక్ తన వారపు పరిశీలనకు ఉదయమే వచ్చినప్పుడు, పెంచలయ్య కళ్ళద్దాలు తీసేసి ఆయన బల్ల దగ్గరికే వచ్చాడు. "మస్తానమ్మ కాయితాలు యాడ ఉండాయో అడగండమ్మా" అన్నాడు.

అడిగాను. పెల్‌బ్రూక్ చుట్టూ చూసుకుని నవ్వాడు. తోలుసంచి ఆప్యాయంగా తట్టాడు.

"మీకు శుభవార్త. ఆ దరఖాస్తును సాధారణ గుమాస్తాకు అప్పగించలేదు. వానికి నైపుణ్యము చాలదు. చదివిన వెంటనే తేల్చివేయును. కావున నేనే స్వయముగా చేపట్టితిని. ఫైలు ఎల్లవేళల నా వెంటనే ఉండును."

"మరి ఎప్పటికి తేలుతుంది?" అన్నాను.

"అది చెప్పజాలను. మా విభాగమున నన్ను మించిన నిపుణుడు లేడు" అన్నాడాయన వినయంగా.

తెలుగులో చెప్పాను. పెంచలయ్య అట్లకాడ బిగించి పట్టుకున్నాడు. కోటు వంక చూశాడు. నాకు భయం వేసింది. కోపం వచ్చి అట్లకాడ విసురుతాడేమో, అంతా మట్టిగొట్టుకుపోతుందేమో అనుకున్నాను. అతను మాత్రం కళ్ళద్దాలు తుడిచి పెట్టుకుని, "సారును కూచోమనండి. ఈ పొద్దు నాకు తెలిసిన పనితనమంతా చూపిస్తా" అన్నాడు.

పిండిగిన్నె మూత ఎత్తాడు. మూశాడు. "దోశ అడిగిన సంగతి మాకు అందిందని చెప్పండమ్మా" అన్నాడు. చెప్పాను. పెల్‌బ్రూక్ తల ఊపి నోట్సు రాసుకున్నాడు.

కాసేపటికి, "ఎర్రకారం మీద ఒక అభ్యంతరం వొచ్చింది. వెల్లుల్లి సంగతి తేలాల" అన్నాడు పెంచలయ్య. ఇంకాసేపటికి, "ఉప్పు గురించి పైవాళ్ళకి రాసినా, జవాబు రావాల" అన్నాడు. పైవాళ్ళంటే మా ఆయన. ఆయన మేడ మీద నిద్రపోతున్నాడు. పెల్‌బ్రూక్ ప్రతి కబురుకూ మెచ్చుకోలుగా తల ఊపాడు. మొహంలో భక్తి లాంటిది కనబడింది. ఇంతటి నైపుణ్యం ఆయన తన ఆఫీసులో కూడా చూసి ఉండడు. వెక్కిరిస్తే అది వెక్కిరింతని కూడా తెలియని మనిషిని ఏం చేస్తాం?

మధ్యాహ్నమైంది. పెంచలయ్య వేడి పెనాన్ని ఉల్లిపాయతో తుడిచాడు. ఆ వాసన హోటలంతా కమ్ముకుంది. పెల్‌బ్రూక్ తల పైకెత్తాడు. పెంచలయ్య ఉల్లిపాయ పక్కన పెట్టి స్టూలు మీద కూర్చున్నాడు. వచ్చిన గిరాకీలను నేను ఇడ్లీలు పెట్టి పంపేస్తున్నాను. తనిఖీలో ఉన్నవాళ్ళు వేరే పదార్థం ముట్టకూడదని నిబంధన కనుక, ఆ ఇడ్లీలు వెళ్ళే వైపు పెల్‌బ్రూక్ చూపు మాత్రమే వెళ్ళింది. జగ్గులో నీళ్ళు అయిపోయాయి. పొద్దు వాలుతుండగా ఆయన పెన్సిలు ఆగింది.

"ఆ ఫైలు... అనగా ఆ దోశ... ఏ దశలో ఉన్నది?"

"పరిశీలనలో ఉండాదని చెప్పండమ్మా."

చెప్పాను. ఆయన రాసుకోలేదు. పెన్సిలు బల్ల మీద పెట్టేశాడు. చివరికి చిన్న గొంతుతో ఒక మాట అన్నాడు. దాన్ని కచేరీ తెలుగులోకి దించడం నాకు చేతకాలేదు.

"ఆకలేస్తోందండీ" అన్నాడు.

"ఏమంటుండాడు?" అన్నాడు పెంచలయ్య.

"ఆకలేస్తోందంట."

"అయ్యో, ఆ మాట ముందే అనొచ్చు గదా!" అంటూ పెంచలయ్య లేచాడు. కళ్ళద్దాలు ఎక్కడ పడ్డాయో తెలియదు. అతని పంతం, అతని బాధ, పైవాళ్ళ జవాబు అన్నీ ఎటుపోయాయో తెలియదు. పెనం చుయ్యిమంది. పెల్‌బ్రూక్ రుమాలు తీసేలోపు దోశ బల్ల మీద ఉంది. అది తినేలోపు ఇంకొకటి. అది సగంలో ఉండగా మరొకటి. ఆకలన్న మనిషిని కూర్చోబెట్టడం పెంచలయ్యకు రాదు. ఆ ఒక్క నైపుణ్యం మేం ఎంత నేర్పినా అబ్బలేదు.

పెల్‌బ్రూక్ ప్లేటు తుడిచి, కళ్ళు తుడుచుకున్నాడు. తలుపు సందులోంచి వంటింట్లోకి చూస్తూ, "ఆ కోటు ఎవరిది? ఎప్పుడూ అక్కడే ఉంటుంది, ఎవరూ వేసుకోరు" అని అడిగాడు.

పెంచలయ్యకు నేను చెప్పక ముందే ఆ ప్రశ్న అర్థమైంది. "మస్తానమ్మది" అన్నాడు. "ఆమె ఇంకా సారు సంచీలోనే ఉండాదని చెప్పండమ్మా."

చెప్పాను.

పెల్‌బ్రూక్ కోటు వంక చూశాడు, సంచి వంక చూశాడు. చుట్టూ చూసుకున్నాడు గానీ నవ్వలేదు. సంచి తెరిచి, ఫైలు తీసి, సంతకం పెట్టి, ముద్ర గుద్ది, మూసి నా చేతికిచ్చాడు. పెంచలయ్య దోశ వేసినంతసేపు కూడా పట్టలేదు. ఆ చెయ్యి అలా ఆడుతుందని నేను కలలో కూడా అనుకోలేదు. చాలా ఏళ్ళ కిందట ఆయనా మంచి పనివాడే అయి ఉండాలి.

తర్వాత ఆయన భయపడ్డాడు. "ఈ వేగము సంగతి బయటకు పొక్కరాదు. తెలిసినచో నన్ను సహాయకునిగా తగ్గించెదరు" అన్నాడు.

"నా చెయ్యి సంగతి సారు చెప్పకుండా ఉంటే, సారు చెయ్యి సంగతి నేను చెప్పను" అన్నాడు పెంచలయ్య. ఇద్దరూ చేతులు కలుపుకున్నారు. అప్పటి నుంచి మా హోటలు వెనక తలుపు గడియ వెయ్యడం మానేశాం.

మస్తానమ్మ వచ్చిన రోజు మా ఆయన విమానాశ్రయం నుంచి తిన్నగా హోటలుకే తీసుకొచ్చాడు. పొట్టిగా, చురుగ్గా ఉంది. వస్తూనే ఊదా కోటు తొడుక్కుని వరసగా తుమ్మింది. ముందు హాల్లో గిరాకీ నిండుగా ఉంది, కొత్తగా వచ్చిన తనిఖీ అధికారులు ఇద్దరు కూడా కూర్చున్నారు. పెంచలయ్య పెళ్ళాం వంక చూడడానికి కూడా వీల్లేక, కళ్ళద్దాలు పెట్టుకుని, చేతిలో ఉల్లిపాయ సగాలతో ఆలోచిస్తూ నిలబడ్డాడు. మస్తానమ్మ వంటింటి గుమ్మంలోంచి ఆ వాలకం చూసి నా చెయ్యి పట్టుకుంది.

"ఏందమ్మా ఆయన అట్టుండాడు? చెయ్యి పడిపోయిందా? నాకు ఫోనులో చెప్పనే లేదే!" ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏం కాలేదు మస్తానమ్మా, కాసేపు ఓపిక పట్టు" అని వెనక గదిలోకి తీసుకెళ్ళాను. అక్కడ చిన్న పెనం పొయ్యి మీద పొగలు కక్కుతోంది. వెనక తలుపు దగ్గర, అడగ్గానే వచ్చే దోశ కోసం, మార్గిట్, ఇంకో నలుగురు డ్రైవర్లు వరసలో నిలబడి ఉన్నారు. చివర్లో కాలరు పైకెత్తుకుని, ఎవరూ గుర్తుపట్టకుండా పెల్‌బ్రూక్ నిలబడి ఉన్నాడు. అందరూ ఆవిడకు దారి ఇచ్చారు.

పెంచలయ్య లోపలికి వచ్చి తలుపు మూశాడు, కళ్ళద్దాలు జేబులో పెట్టుకున్నాడు. గరిటె తీశాడు. మస్తానమ్మ పీట లాక్కుని కూర్చునేలోపు, నెల్లూరులో ఎలా వేసేవాడో అలాగే, దోశ ఆవిడ ముందుకు వచ్చింది. ఆవిడ ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. కారం సరిపోయిందో లేదో చూసింది. ఇంకో ముక్క తింది. కళ్ళు తుడుచుకుని, మొగుణ్ణి ఎగాదిగా చూసింది.

"ఇంత బిరబిరా వేసేవోడివి, నన్ను తెచ్చుకోను ఇన్నాళ్ళు ఎందుకు పట్టిందయ్యా?"

పెంచలయ్య వరస చివర కాలరు ఎత్తుకుని నేల చూపులు చూస్తున్న మనిషి వంక ఒకసారి చూశాడు.

"నీ కాయితాలు మంచి పనోడి చేతిలో పడినాయిలే" అన్నాడు, రెండో దోశ మడుస్తూ.